గోలు కొట్టి గెలిచిన నీళ్లు

మా తోటకి ఒకప్పుడు హాకీ జట్టు ఉండేదని చెబితే మా మనవలు నా మొహం చూసి నవ్వుతారు. నవ్వనీ. ఉన్నమాట చెప్పడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు. జట్టు ఉండేది. మూడేళ్లు నిండకుండానే పోయింది. పోయేలోగా ఒకే ఒక్క ఆట గెలిచింది. ఆ ఒక్క ఆటా గెలవకపోయి ఉంటే నా పెద్దకూతురికి పురిటి స్నానం ఏ నీళ్లతో చేయించి ఉండేదాన్నో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మలయా దేశంలో సుంగై సుమున్ అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే మా రబ్బరు తోట. అక్కడి నేలంతా నల్లటి బురద. కాలవలో నీళ్లు చిక్కటి టీ రంగులో ఉండేవి. కాచినా, వడగట్టినా, రాత్రంతా కుండలో తేర్చినా ఆ రంగు పోయేది కాదు. సముద్రం పోటెత్తిన రోజుల్లో పైగా ఉప్పు కూడా. ఆ నీళ్లతోనే వంట, తాగడం, స్నానం. తోట నడిపే పెద్దదొర బంగళా పక్కన మాత్రం రేకు ట్యాంకు ఉండేది. కప్పు మీద పడిన వాన నీళ్లు గొట్టంలోంచి అందులోకి దిగేవి. మా కూలీల లైన్ ఇళ్లకి కూడా కప్పు ఉంది, వాన మా మీదా పడుతుంది, కానీ ట్యాంకు లేదు. జట్టు పెట్టిన ఏడాదే మా వదినకి పుట్టిన పిల్ల విరేచనాలు పట్టుకుని నెల తిరక్కుండా పోయింది. కాలవ నీళ్ల వల్లేనని అందరికీ తెలుసు. అప్పట్నుంచి మా అన్న కాలవ దాటేటప్పుడల్లా అందులో ఉమ్మేవాడు. అవే నీళ్లు మనం తాగాలి కదరా అని ఎవరన్నా అంటే, అందుకే ఉమ్ముతున్నాననేవాడు.

నేను, అన్న, వదిన విశాఖపట్నం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చాం. ఇక్కడికి వచ్చాక నాకు మా మేనమామ కొడుకుతో పెళ్లయింది. ఆయన్ని నేను బావా అనే పిలిచేదాన్ని. మేనమామ అప్పటికే పోయాడు, మా అత్త ఉండేది. ఇంట్లో పెత్తనమంతా ఆవిడదే. ఆవిడతో నేను నెగ్గిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జట్టు పెట్టింది కొత్తగా వచ్చిన చిన్నదొర. సన్నగా, ఎర్రగా, ఎప్పుడూ చెమటలు కక్కుతూ ఉండేవాడు. ఆయనకి హాకీ పిచ్చి. పొద్దున్నే పెరట్టులో, అంటే పనికి పోయే ముందు హాజరు పిలిచే చోట, వరసగా నిలబడ్డ మగవాళ్ల కాళ్లు చూసుకుంటూ పోయి పదకొండు మందిని ఏరాడు. సంతలో ఎద్దుల్ని ఎంచినట్టే ఎంచాడు. మా తెలుగు లైన్ల వాళ్లు కొందరు, అరవ లైన్ల వాళ్లు కొందరు. మా అన్న కాళ్లు పొడుగు, పరుగు ఎక్కువ. అతన్ని ముందు పెట్టాడు. మా బావ ఒళ్లు వెడల్పు, పరుగు తక్కువ. ఆయన్ని గోలులో నిలబెట్టాడు. చిన్నదొర మనుషుల్ని బాగానే చదివాడు.

మొదట్లో ఆ జట్టంటే నాకు మహా మంటగా ఉండేది. నేనూ బావా పక్కపక్క వరసల్లో చెట్లు గీసేవాళ్లం. గీసిన చెట్ల పాలు బకెట్లలోకి ఒంపి, కొట్టుకి మోసుకుపోయి తూయిస్తేనే పని అయినట్టు. ఆట ఉన్న రోజున బావ తన బకెట్లు నా దగ్గర పెట్టి, చిన్నదొర పిలుస్తున్నాడంటూ జారుకునేవాడు. నాలుగు బకెట్లూ నేనే మోసేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి, కాలికి దెబ్బ తగిలిందని మూలుగుతూ కూచునేవాడు. రెండో కాలికి కూడా తగిలితే ఇంటిపట్టున ఉంటావు కదా అనేదాన్ని.

చిన్నదొర తెల్ల చొక్కాలు కుట్టించాడు. కాలవలో ఒక్కసారి ఉతికేసరికి అన్నీ టీ రంగుకి తిరిగాయి. పట్నం వాళ్లు మమ్మల్ని టీ కొట్టు జట్టు అని పిలవడం మొదలెట్టారు. గోలుకి కట్టే వల కొనడం ఎందుకని, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల దగ్గర చిరిగిన పాత వల ఒకటి తెచ్చి కట్టారు. ఎండలో దాని వాసన చెప్పనలవి కాదు. మా బావ మధ్యాహ్నమంతా దానికి ఆనుకుని నిలబడేవాడు కనుక, ఇంటికొచ్చేటప్పుడు లైన్లలోని పిల్లులన్నీ ఆయన వెనకే వచ్చేవి.

మా చిన్న లీగులో పట్నం గుమాస్తాల జట్టు, పోలీసుల జట్టు, పక్క తోట జట్టు, ఐసు ఫ్యాక్టరీ జట్టు ఉండేవి. మా వాళ్లు అందరి చేతుల్లోనూ ఓడారు. ఎవరినీ నొప్పించకుండా, వరసగా, మర్యాదగా ఓడారు.

ఐసు ఫ్యాక్టరీ వాళ్ల మీద మొదటి ఆట తెలుక్ ఇంటాన్‌లో జరిగింది. అప్పట్లో ఆ ఊరి పేరు వేరే, ఇప్పుడు ఇలాగే అంటున్నారు. మా వాళ్లు ఆరు గోల్స్ తిన్నారు. ఆట అయ్యాక ఫ్యాక్టరీ చీనా ముతలాలి, అంటే యజమాని, జాలిపడి మా వాళ్లకి ఒక పెద్ద ఐసు గడ్డ బహుమానంగా ఇచ్చాడు. ఐసు చూడటం మా వాళ్లలో చాలామందికి అదే మొదలు. ఒకడు నాలిక అంటించి చూసి, కాలిందని గెంతాడట. ఆడవాళ్లకి చూపించాలని రంపపు పొట్టులో పెట్టి, గోనె చుట్టి, లారీలో బకెట్టులో పెట్టుకుని బయల్దేరారు. దారంతా మా అన్న ఆ బకెట్టు ఒళ్లో పెట్టుకుని కూచున్నాడు. దిగేసరికి తొడలు మొద్దుబారి నడవలేకపోయాడు.

లారీ వచ్చేసరికి ఐసు పిడికెడంత మిగిలింది. తక్కినదంతా నీళ్లే. అన్న పొట్టు తీసేసి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లు మా అత్త ఇత్తడి చెంబులో పోశాడు. అత్త చెంబు అందుకుని లోపలికి చూసి, వెలుతురులోకి జరిపి మళ్లీ చూసింది.

"ఓలమ్మ, సెంబు అడుగు అగుపడతంది" అంది.

మేమంతా ఒకరి తర్వాత ఒకరు వంగి చూశాం. నిజమే. నీళ్లు నిండా ఉన్నాయి, వాటి కింద చెంబు అడుగున ఉన్న సొట్ట కూడా కనిపిస్తోంది. ఈ తోటకి వచ్చాక నీళ్లున్న చెంబు అడుగు మేమెవరం చూడలేదు. తలా ఒక గుక్క తాగాం. మా వదిన తాగలేదు. చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు లోపలికి చూసి, పక్కవాళ్లకి ఇచ్చేసి ఇంట్లోకి వెళ్లిపోయింది. అన్న బయటే నిలబడ్డాడు.

మర్నాడు పెరట్టులో మా అత్త వరసలోంచి బయటికొచ్చి, మాకూ ట్యాంకు కావాలంది. కిరాణీ, అంటే తోట గుమాస్తా, ఆ మాట పెద్దదొరకి ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దదొర చిన్నదొర వైపు చూసి నవ్వి, ఐసు ఫ్యాక్టరీ వాళ్లని ఓడించిన రోజున లైన్లకి ట్యాంకు పెట్టిస్తానన్నాడు. ఎగతాళికి అన్నాడని కిరాణీ మొహం చూస్తేనే తెలిసింది. అత్త ఊరుకోలేదు. ఆ మాట కిరాణీ చేత తెలుగులోనూ అరవంలోనూ గట్టిగా చెప్పించింది, రెండు లైన్ల వాళ్లూ వినేలా.

ఇంటికొచ్చాక, దొర నవ్వులాటకి అన్నాడమ్మా అని బావ నసిగాడు.

"నవ్వినాడో ఏడ్సినాడో నాకెందుకురా, మాటన్నాడు గదా" అంది అత్త.

ఆ రోజుతో జట్టు మగవాళ్ల చేతుల్లోంచి జారి మా చేతుల్లోకి వచ్చింది. బకెట్లు మేమే మోశాం, సణగకుండా. ఆటవాళ్లకి ఎండుచేపల కూర ఒక ముక్క ఎక్కువ వేశాం. కల్లు దుకాణం వైపు పోయినవాణ్ణి ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి రెక్క పట్టుకుని తెచ్చారు. మా బావని నేను తీసుకున్నాను. చెట్టు గీతల మీద ఎండిపోయిన రబ్బరు పీచు పీకి, ఉండలు చుట్టి, రోజూ సాయంత్రం ఇంటి ముందు నిలబెట్టి ఆ ఉండలు ఆయన మీదికి విసిరేదాన్ని. రబ్బరుండ ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. మొదటి వారం ముక్కు వాచింది. నెల తిరిగేసరికి పది ఉండల్లో ఎనిమిది ఆపేవాడు. నాకున్న పాత కోపాలన్నీ ఆ ఉండలతో పాటే పోయాయి. కాపురంలో అంత సుఖపడిన రోజులు నాకు మళ్లీ రాలేదంటే నమ్మండి.

మరుసటి ఏడు ఐసు ఫ్యాక్టరీ వాళ్లు మా తోటకే ఆడటానికి వచ్చారు. అప్పటికి నాకు నెల తప్పింది. ఈ బిడ్డకి కాలవ నీళ్లు పొయ్యనని మనసులో గట్టిగా అనుకున్నాను, బయటికి మాత్రం ఎవరితోనూ అనలేదు. అన్నకి ఎలా తెలిసిందో తెలిసింది. ఆట ముందు నా దగ్గరకొచ్చి, నెత్తి మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

అసలు ముప్పు మా అత్త వల్ల వచ్చింది. మా వాళ్లు ఏటా ఒకసారి గీత కత్తుల్ని కడిగి, పసుపూ నూనే రాసి, బొట్టు పెట్టి మొక్కుతారు. అన్నం పెట్టే పనిముట్టు మరి. ఆ పొద్దున అత్త ఎవరికీ చెప్పకుండా హాకీ కర్రలన్నీ పోగేసి, వాటికీ అలాగే చేసింది. తలనుంచి తోకదాకా కొబ్బరి నూనె పట్టించి, పసుపు పూసి, కుంకుమ పెట్టింది. కర్రలు పెళ్లికొడుకుల్లా మెరిశాయి. అందరం దణ్ణం పెట్టుకున్నాం. నూనె పట్టించిన కర్ర చేతిలో నిలుస్తుందా అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఈల వేశారు. మా అన్నకి బంతి అందింది, కర్ర ఎత్తి కొట్టాడు. బంతి అక్కడే ఉంది, కర్ర మాత్రం ఎగిరిపోయి కాలవలో పడింది. ఇంకొకడి కర్ర పెద్దదొర కుర్చీ కాళ్ల మధ్య పడింది. మూడోవాడిది ఈల వేసే ఆయన టోపీ పడగొట్టింది. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతూనే రెండు గోల్స్ కొట్టారు. మా బావ ఇంకో నాలుగు ఆపాడు, ఎక్కువగా కడుపుతో. పెద్దదొర కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సగం ఆటకి ఈల పడేసరికి అత్త కాలవ గట్టున కూలబడి తల బాదుకుంటోంది. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఏడుపు తర్వాత, ముందు పొయ్యిలో బూడిద తెమ్మని అరిచాను. కోడలు అరిస్తే అత్త పరుగెత్తడం మా లైన్లలో అదే మొదలు, అదే చివర. ఆడవాళ్లందరం కూచుని బూడిదతో కర్రలు తోమి నూనె వదలగొట్టాం. నేను బకెట్టు తీసుకుని పక్కనున్న చెట్లలోకి పరుగెత్తాను. పొద్దున పాలు తీసుకెళ్లాక కూడా చెట్టు కాస్త కాస్త కారుతూనే ఉంటుంది. చెట్లకి కట్టిన చిప్పల్లో అడుగున పాలున్నాయి. కంపెనీ పాలు, ముట్టుకుంటే తప్పే. కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, నన్ను చూశాడు. చూసి, ఆకాశంలో మబ్బులేమైనా ఉన్నాయా అని చాలా శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టాడు. ఆయన అల్లుడు కూడా జట్టులో ఉన్నాడు లెండి.

కర్రల పిడులకి పాలు పూసి, చీర చెంగులు చించి చుట్టి, మీద మళ్లీ పూసి, కొంగులతో విసిరాం. పాలు బంకలా గట్టిపడ్డాయి. చిన్నదొర వచ్చి ఒక పిడి పట్టుకుని చూశాడు, వదలడానికి రెండో చెయ్యి కావలసి వచ్చింది. వెంటనే మైదానంలోకి పరుగెత్తాడు.

తర్వాత జరిగింది ఆటే. మా వాళ్లు అంత బాగా ఆడగలరని మాకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. అరవ లైన్ల ఆడవాళ్లు 'విడాదే, విడాదే' అని, వదలొద్దని అరుస్తున్నారు. వదలాలన్నా కర్ర వదిలితే కదా. అరవ లైన్ల కుర్రాడొకడు ఒక గోలు కొట్టాడు, కంగాణి అల్లుడు ఇంకోటి. చివర్లో అన్నకి బంతి దొరికింది. కాలవ పక్కనుంచి తలొంచుకుని పరుగెత్తుకుపోయాడు. చెట్టు గీసేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు, మొహంలో కోపం లేదు, తొందర లేదు. బంతి లోపలికి వెళ్లిపోయాక కూడా గోలు దగ్గరే నిలబడిపోయాడు. మా వదిన జనంలోంచి లేచి నిలబడి నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఏడాది దాటింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

గెలిచాక కర్రలు చేతుల్లోంచి ఊడదీయడానికి ఆట కన్నా ఎక్కువసేపు పట్టింది. మా బావ ఆ రాత్రి ఎడం చేత్తో అన్నం తిన్నాడని లైన్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. నేనే కలిపి పెట్టాను.

పెద్దదొర మాట తప్పలేదు. తప్పడానికి వీల్లేకుండా అత్త రోజూ పెరట్టులో ఆయనకి ఎదురుగా నిలబడేది, ఏమీ అనేది కాదు, ఊరికే నిలబడేది. తెలుగు లైన్లకీ అరవ లైన్లకీ మధ్యన ఇటుక దిమ్మె కట్టి, రేకు ట్యాంకు ఎక్కించి, కప్పుల చుట్టూ గొట్టాలు బిగించారు. ఇంక వానే రావాలి. వాన లేని నాడంటూ లేని ఈ దేశంలో ఆ నెల వాన మొహం చాటేసింది. అన్న పనినుంచి వస్తూ రోజూ వేళ్లతో ట్యాంకు మీద కొట్టి చూసేవాడు. డొల్ల చప్పుడు. ఇంకా ఆకలి మీదుందని నవ్వేవాడు.

ఆ నెలలోనే రబ్బరు ధర పడిపోయిందన్నారు. చెట్లు సగం గీయడం మానేశారు. పనిలేని వాళ్లని ఓడెక్కించి ఇండియా పంపేస్తామన్నారు. మొదటి జాబితాలోనే అన్నా వదినా పడ్డారు. జట్టులో ఇంకో నలుగురు కూడా. పదకొండు మంది లేకపోతే హాకీ లేదు కదా, అలా ఆగిపోయింది మా జట్టు. చిన్నదొరని కూడా ఎక్కడికో మార్చారు. పోయే ముందు అందరితో చేతులు కలిపి, కర్రలు మమ్మల్నే ఉంచుకోమన్నాడు.

లారీ ఎక్కే ముందు అన్న మళ్లీ ట్యాంకు దగ్గరకి వెళ్లాడు, వేళ్లతో కొట్టాడు. నేను వెనకే వెళ్లాను.

"వానొస్తే నా వొంతు దాసి పెట్టు, సెల్లీ" అన్నాడు.

లారీ పోయిన నాలుగో రోజున వాన వచ్చింది. కప్పులు విరిగిపోయేంత వాన. గొట్టాల్లోంచి నీళ్లు ట్యాంకులో పడుతుంటే లైన్లలో అందరూ తడుస్తూ గంతులేశారు. నేను గుమ్మంలోనే కూచున్నాను. గెలిచినవాడు తాగకుండా పోయాడు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బావని తిట్టాను. పాపం, ఆయన అన్నీ పడ్డాడు.

తర్వాత నెలలో రెండో ఓడకి మా ఊరివాళ్లే ఇంకో కుటుంబం బయల్దేరింది. నేను ఖాళీ సీసా ఒకటి తెచ్చి, కడిగి, ట్యాంకు నీళ్లు నింపి, బిరడా పెట్టి, దాని మీద రబ్బరు పాలు పోసి పోసి గట్టిపరిచాను. సముద్రం దాటాలి కదా. మా ఊళ్లో బంగారం లాంటి నుయ్యి ఉంటే ఇక్కణ్ణుంచి నీళ్లేమిటని అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. సీసా చుట్టూ తన పాత చీర ముక్క చుట్టి ఇచ్చింది. నూనె మాత్రం రాయలేదు.

నా కూతురు పుట్టింది. ట్యాంకు నీళ్లతోనే పురిటి స్నానం, ట్యాంకు నీళ్లే తాగడం. హాకీ కర్రలు ఒకటి పొయ్యి ఎగదోయడానికి, ఒకటి దండెం ఎత్తడానికి, మిగిలినవి కోళ్లని తోలడానికి పనికొచ్చాయి. పిడులు మాత్రం ఏళ్ల తరబడి చేతికి అంటుకుంటూనే ఉన్నాయి.

రబ్బరు మళ్లీ లేచాక తోటకి కొత్త మనుషులొచ్చారు. అందులో మా ఊరివాడొకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో కూచోకముందే సీసా సంగతి అడిగాను. చేరిందట. బిరడా ఎంత లాగినా ఊడలేదట, రబ్బరు అంతలా పట్టేసింది. అన్న సీసా మెడ పగలగొట్టి, గాజు ముక్కల్లేకుండా వడగట్టి, చెంబులో పోసి వీధి వీధంతా పిలిచాడట.

"అడుగు అగుపడతందేటి అని అందరికీ సూపించినాడమ్మా. మా నూతి నీరు కూడా అలాగే ఉంటాది గదా, ఇందులో ఏటున్నాదని మా వోళ్లు నవ్వినారు. ఇది నాను గోలు కొట్టి తెచ్చిన నీరు అన్నాడు. సగం మీ వదినకిచ్చి, సగం ఆయన తాగినాడు."

వదిన తాగిందా అని అడిగాను. తాగిందన్నాడు. చుక్క మిగల్చకుండా తాగి, చెంబు బోర్లించి చూసిందట.

వచ్చినాయన దాహంగా ఉందన్నాడు. ట్యాంకు దగ్గరికి వెళ్లి అత్త ఇత్తడి చెంబు నింపాను. ఇచ్చే ముందు ఒకసారి లోపలికి వంగి చూశాను. అడుగున సొట్ట కనిపించింది. అప్పుడు తెచ్చి ఆయన చేతికిచ్చాను.